ఎర్ర శైవలాలకు కశాభాలు మొదటి నుంచీ లేవా, మధ్యలో పోయాయా?

మీరు ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నానన్నారు. డిగ్రీ పుస్తకంలో ‘ఎర్ర శైవలాల జీవితచక్రంలో ఏ దశలోనూ కశాభాలు (ఈదడానికి కణం ఆడించే కొరడాలాంటి పోగులు) ఉండవు, కాబట్టి అవి నిజకేంద్రక జీవుల్లో (కణంలో కేంద్రకం ఉన్న జీవుల్లో) ఆదిమమైనవి’ అని ఉందనీ, ఇప్పుడు చదువుతున్న జీనోమ్ పేపర్లలో మాత్రం ‘కశాభాలను కోల్పోయాయి’ అని ఉందనీ, పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశారు. మలేరియా పరాన్నజీవి కణంలో ఎర్ర శైవలం ముక్క ఉందన్న మాట నిజమేనా అని కూడా అడిగారు.

కోల్పోయాయి. అదే సరైన మాట. రెండో ప్రశ్నకు జవాబు కూడా అవుననే. ఈ రెండు ప్రశ్నలకూ లోపల సంబంధం ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ మీ పుస్తకంలో ఉన్న వాక్యాన్నే బోర్డు మీద రాశాను, చాలా ఏళ్లు. దాన్ని అనుమానించేలా చేసింది ఏ పేపరూ కాదు, ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న. ‘సార్, కొబ్బరిచెట్టుకూ కశాభాలు లేవు కదా, మరి అదీ ఆదిమమేనా?’ అంది. ఆ ప్రశ్న దగ్గరే కాసేపు ఆగండి. నాచుమొక్కల్లో, ఫెర్నుల్లో పురుషబీజాలు ఈదుతాయి. సైకస్‌లో కూడా ఈదుతాయి. మామిడికీ కొబ్బరికీ వరికీ వచ్చేసరికి కశాభం లేదు. పుష్పించే మొక్కలు దాన్ని వదిలేసుకున్నాయని మనందరికీ తెలుసు, ఎందుకంటే వాటి చుట్టాలు కళ్ల ముందే ఉన్నాయి. ఎర్ర శైవలాల విషయంలో ఆ చుట్టాలు చాలాకాలం దొరకలేదు. లేకపోవడం ఒక్కటే కనిపించింది కాబట్టి, ఎప్పుడూ లేదేమో అనుకున్నాం.

ఆ పొరపాటుకు ఇంకో కారణం కూడా ఉంది. ఎర్ర శైవలాల హరితరేణువు సయనోబాక్టీరియాను (వెలుగుతో తిండి చేసుకునే బాక్టీరియాను) అచ్చుగుద్దినట్టు ఉంటుంది. రెండింటిలోనూ పత్రహరితం ‘ఎ’ ఉంటుంది, ఫైకోఎరిత్రిన్, ఫైకోసయనిన్ లాంటి నీటిలో కరిగే రంగులు ఉంటాయి, ఆ రంగులు గుత్తులుగా పొరల మీద కూర్చుని ఉంటాయి. దీన్ని చూసి మొత్తం జీవి సయనోబాక్టీరియాకు దగ్గరగా ఉన్న పాతకాలపు జీవి అన్నారు. కానీ ఇల్లు వేరు, ఇంట్లోకి వచ్చినవాడు వేరు. వంద కోట్ల ఏళ్లకు చాలా ముందే ఒక నిజకేంద్రక కణం ఒక సయనోబాక్టీరియాను లోపలికి తీసుకుని అరిగించుకోకుండా ఉంచుకుంది. హరితరేణువు పుట్టింది అలాగే. ఎర్ర శైవలాలు, ఆకుపచ్చ శైవలాలూ వాటి నుంచి వచ్చిన నేల మొక్కలు, గ్లాకోఫైట్లు అనే చిన్న గుంపు, ఈ మూడూ ఆ కణం సంతానమే. లోపలికి వచ్చినవాడి పోలికలు ఎర్ర శైవలాల్లో బాగా నిలిచాయి, ఆకుపచ్చ వంశంలో చెరిగిపోయాయి. అంతమాత్రాన ఇంటి వయసు మారదు.

ఈ పోలికను కళ్లతో చూడాలంటే విశాఖ రాళ్ల మీద దొరికే గ్రాసిలేరియా అనే ఎర్ర శైవలం చాలు. తాజా ముక్కను చల్లటి నీళ్లతో రోట్లో మెత్తగా నూరి, గుడ్డలో వడగట్టండి. గ్లాసులోకి గులాబీ రంగు నీళ్లు దిగుతాయి. గది చీకటి చేసి ఆకుపచ్చ లేజర్ వేస్తే, ఆ కాంతి వెళ్లిన దారి పొడుగునా నారింజ రంగు వెలుగు కనిపిస్తుంది. అదే ఫైకోఎరిత్రిన్. ఇప్పుడు ఇంకో ముక్కను వేడినీళ్లలో ముంచండి, చూస్తుండగానే ఎరుపు పోయి ఆకుపచ్చ బయటపడుతుంది. వేడికి ప్రోటీను చెదిరి ఎరుపు వదిలేసింది, కింద దాగిన పత్రహరితం మిగిలింది. ఎన్నిసార్లు చూపించినా పిల్లలు ముందుకు వంగి చూసే ప్రయోగం ఇది.

సరే, కశాభాల చుట్టాల సంగతికి వద్దాం. 2019లో నేచర్ పత్రికలో రోడెల్ఫిస్ అనే సూక్ష్మజీవి గురించి వచ్చింది. ఇందులో రెండు జాతులు, ఒకటి మంచినీటిది, ఒకటి సముద్రపుది. చాలా జన్యువులను పోల్చి వంశవృక్షం గీస్తే ఎర్ర శైవలాలకు తోబుట్టువుగా వచ్చి కూర్చుంది. కానీ అది ఎరుపు కాదు, కిరణజన్య సంయోగక్రియే చేయదు. రెండు కశాభాలతో ఈదుతూ బాక్టీరియాను వేటాడి తింటుంది. జన్యువుల్లో ఇంట్రాన్లు, అంటే ప్రోటీను తయారీకి వాడకుండా మధ్యలోంచి కత్తిరించేసే ముక్కలు, దండిగా ఉన్నాయి. లోపల హరితరేణువు అవశేషం ఒకటి ఉందని కేంద్రకంలోని జన్యువులను బట్టి తేలింది. అంటే ఎర్ర శైవలాల ముత్తాత దగ్గర కశాభాలూ ఉన్నాయి, హరితరేణువూ ఉంది, వేటాడే శక్తీ ఉంది. ఒక సంతానం వేటను ఉంచుకుని వెలుగును వదులుకుంది. ఇంకో సంతానం వెలుగును ఉంచుకుని మిగతాదంతా వదులుకుంది. మీ పరీక్ష జవాబులో రోడెల్ఫిస్ పేరు ఒక్కటి రాస్తే చాలు, వాదన నిలబడుతుంది.

‘మిగతాదంతా’ అన్న మాట ఊరికే అనలేదు. పోయింది కశాభం ఒక్కటే కాదు.

2004లో సయనిడియోషైజాన్ మెరోలే జీనోమ్ వచ్చినప్పుడు చదివినవాళ్లకు ఆశ్చర్యం ఆగలేదు. ఇది వేడి, ఆమ్ల నీటి బుగ్గల్లో బతికే ఏకకణ ఎర్ర శైవలం. కణంలో ఒక కేంద్రకం, ఒక మైటోకాండ్రియా, ఒక హరితరేణువు. 20 క్రోమోజోములు కలిపి 1 కోటి 65 లక్షల బేస్ జతలు. వరిలో సుమారు 40 కోట్లు ఉంటాయి, పోల్చుకోండి. 5 వేల చిల్లర జన్యువుల్లో ఇంట్రాన్లు ఉన్నవి 26 మాత్రమే. 2007లో దీన్నే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క ఖాళీ లేకుండా పూర్తిగా చదివారు.

వేడి బుగ్గలో బతికే ఏకకణ జీవి కాబట్టి ఇంత తక్కువతో సరిపెట్టుకుంది అనుకోవచ్చు. 2013లో కాండ్రస్ క్రిస్పస్ జీనోమ్ రావడంతో ఆ సర్దుబాటు కూడా కుదరలేదు. అది అట్లాంటిక్ తీరాల్లో రాళ్ల మీద పెరిగే, చేతి వెడల్పున కొమ్మలు చీలే, కంటికి బాగా కనిపించే బహుకణ శైవలం. దానిలో జన్యువులు 9,606. ఎక్కువ భాగం జన్యువులకు ఇంట్రాన్లు లేవు. 2017లో పోర్ఫైరా అంబిలికాలిస్‌లో 13,125 జన్యువులు లెక్కతేలాయి. కణం లోపల సరుకు మోసే మోటారు ప్రోటీన్లలో మయోసిన్ లేదు, డైనీన్ లేదు, కైనెసిన్‌లు కూడా కొన్నే. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు 2015 నాటికి ఒక మాట చెప్పారు. ఎర్ర శైవలాలు ఇప్పటి శాఖలుగా చీలకముందే వాటి ఉమ్మడి పూర్వీకుడు మూల జన్యువుల్లో దాదాపు పాతిక శాతం పోగొట్టుకున్నాడు. కశాభాల జన్యువులు, ఎరుపు వెలుగును పసిగట్టే ఫైటోక్రోమ్, కణం తన పాత భాగాలను తానే అరిగించుకునే యంత్రాంగం, కొన్ని ప్రోటీన్లను కణం పైపొరకు కట్టి ఉంచే కొవ్వు లంగరు, అన్నీ పోయినవాటిలో ఉన్నాయి.

ఎందుకు పోయాయి? నాకు ఎక్కువగా నచ్చే వివరణ ఇది. ఆ పూర్వీకుడు ఏదో ఒక ఇరుకైన చోట, బహుశా వేడి ఆమ్ల నీటిలోనో, తిండి దొరకని చోటో, చిన్న ఒంటితో చాలాకాలం బతికి ఉండాలి. అలాంటి చోట ప్రతి అదనపు జన్యువూ బరువే. ఎర్ర శైవలాల్లో అన్నిటికంటే ముందు చీలిన శాఖ నేటికీ వేడి బుగ్గల్లోనే ఉండటం ఈ మాటకు బలం ఇస్తుంది. కానీ బలం ఇవ్వడం వేరు, రుజువు కావడం వేరు. అదే శాఖలోని గాల్డియేరియా సల్ఫురేరియాలో ఇంట్రాన్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. కాబట్టి ఇంట్రాన్లు పోవడం ఒకేసారి జరిగిన పని కాదు, తర్వాత వేర్వేరు కొమ్మల్లో విడివిడిగా కూడా జరిగింది. జవాబులో ఈ రెండు దశల సంగతి రాస్తే, చదివి రాశారని తెలుస్తుంది.

గాల్డియేరియా గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే పోగొట్టుకున్నవాడు ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో అక్కడ కనిపిస్తుంది. 56 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిని, బ్యాటరీ ఆమ్లానికి దగ్గరగా ఉండే పులుపును, ఆర్సెనిక్, పాదరసం లాంటి విషాలను అది తట్టుకుంటుంది. 2013లో చదివిన దాని జీనోమ్‌లో సుమారు 5 శాతం జన్యువులు బాక్టీరియా, ఆర్కియాల (బాక్టీరియాలా కనిపించే మరో రకం సూక్ష్మజీవుల) నుంచి నేరుగా వచ్చినవని తేలింది. విషాలను బయటికి తోసే పంపులు, వేడిని తట్టుకునే ఏర్పాట్లు అందులో ఉన్నాయి. తల్లిదండ్రుల నుంచి రాకుండా ఇరుగుపొరుగు నుంచి వచ్చిన జన్యువులు నిజకేంద్రక జీవిలో ఇంత పనికి రావడం నాకు ఎప్పటికీ విశేషంగానే అనిపిస్తుంది.

అయితే ‘ఎర్ర శైవలంలో బాక్టీరియా జన్యువు దొరికింది’ అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. నేను మొదటిసారి గ్రాసిలేరియా నుంచి డీఎన్‌ఏ తీసినప్పుడు ఆల్కహాల్ పోయగానే గొట్టంలో తెల్లటి దారాలు రావాల్సిన చోట గోధుమరంగు జెల్లీ తేలింది. అదంతా అగర్, మనం ఇంట్లో చైనా గ్రాస్ అనే పదార్థం. దాంట్లో చిక్కుకున్న డీఎన్‌ఏతో పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి) పెడితే ఎంజైమ్ పనిచేయదు. దాన్ని వదిలించుకోవడానికి ఉప్పు, సీటాబ్ అనే రసాయనం పాళ్లు మార్చి మార్చి మూడు వారాలు పట్టింది. చివరికి జన్యువు చదివి చూస్తే అది శైవలానిది కాదు, దాని ఒంటి మీద కాపురం ఉన్న బాక్టీరియాది. అప్పటి నుంచి నా దగ్గర పనిచేసిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్పాను. ముక్కను మెత్తటి బ్రష్‌తో రుద్ది, శుభ్రమైన సముద్రపు నీటిలో కడిగి, లేత కొనను మాత్రమే తీసుకోండి. జన్యువుకు అటూ ఇటూ ఉన్నవి ఖాయంగా శైవలం జన్యువులేనా అని చూడండి. అప్పుడే బయటి నుంచి వచ్చింది అనండి.

కశాభం పోయాక వచ్చిన పెద్ద చిక్కు సంతానం. పురుషబీజం ఈదలేదు. నీటి అలలు ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. ఆడ మొక్క కార్పోగోనియం అనే ఆడ కణం నుంచి ట్రైకోగైన్ అనే సన్నటి పోగును బయటికి చాపి ఎదురుచూస్తుంది. కలయిక జరగడమే కష్టం కాబట్టి, జరిగిన ప్రతి కలయిక నుంచీ వీలైనంత ఎక్కువ రాబట్టుకోవాలి. అందుకే ఫలదీకరణ జరిగిన కణం వెంటనే ఒక్క పిల్లగా ఎదగదు. తల్లి ఒంటి మీదే చిన్న గుల్లలా పెరిగి, వందలు, వేల సిద్ధబీజాలను విడుస్తుంది. అవి మొలిచి ఇంకో స్వతంత్ర మొక్క అవుతాయి. అందులో క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) జరిగి నాలుగేసి బీజాలు పుట్టి మళ్లీ ఆడ, మగ మొక్కలు వస్తాయి. మనం బట్టీ పట్టే మూడు దశల జీవితచక్రం వెనుక ఉన్న లెక్క ఇదేనని 1980 ప్రాంతంలోనే ప్రతిపాదించారు.

దీనికి 2022లో ఎవరూ ఊహించని అనుబంధం వచ్చింది. ఫ్రాన్స్‌లో రోస్కాఫ్ సముద్ర పరిశోధన కేంద్రం వాళ్లు గ్రాసిలేరియా గ్రాసిలిస్ మొక్కల మధ్య ఇడోటియా బాల్టికా అనే చిన్న పెంకుపురుగులను వదిలారు. పురుగులు ఉన్న తొట్లలో ఫలదీకరణ బాగా పెరిగింది. మగ మొక్క మీద పాకిన పురుగు కాళ్లకు, ఒంటికి జిగురు బీజాలు అంటుకుని ఆడ మొక్క దాకా వెళ్తున్నాయి. పొద్దుతిరుగుడు చేలో తేనెటీగ చేసే పనే ఇది.

జన్యుశాస్త్రం మీద ఇష్టం ఉందన్నారు కాబట్టి నోరి గురించి ఒక్క ముచ్చట. జపాన్‌లో అన్నం చుట్టే ఆ నల్లటి పలక పోర్ఫైరా, పైరోపియా జాతుల ఆకే. వేసవిలో అది ఎక్కడికి పోతుందో రైతులకు తెలిసేది కాదు. 1949లో మాంచెస్టర్‌లో పనిచేసిన కాథ్లీన్ డ్రూ, గవ్వల లోపల గులాబీ రంగు పోగుల్లా పెరిగే కాంకోసెలిస్ వేరే జీవి కాదనీ, పోర్ఫైరా జీవితంలోనే ఒక దశ అనీ చూపించారు. పెళ్లయిన ఆడవాళ్లకు ఉద్యోగం ఇవ్వని రోజుల్లో ఆమె జీతం లేకుండా చేసిన పని అది. జపాన్‌కు ఎప్పుడూ వెళ్లలేదు, కానీ నోరి సాగు ఆమె వల్లే నిలబడింది. క్యూషూలోని ఉటో పట్టణంలో 1963లో ఆమెకు స్మారకం కట్టారు. ఈ పోగు ద్వయస్థితికం (క్రోమోజోములు రెండేసి), ఆకు ఏకస్థితికం (ఒక్కొక్కటే). క్షయకరణ విభజన ఎక్కడ జరుగుతుందంటే, గవ్వలోంచి వచ్చిన బీజం మొలిచే తొలి రెండు విభజనల్లో. అంటే నాలుగు కణాల పిల్లమొక్కలో ఒక్కో కణం జన్యువులు ఒక్కో రకం. రంగు మారిన ఉత్పరివర్తనాలను సంకరం చేస్తే ఒకే ఆకు మీద రెండు, మూడు, నాలుగు రంగుల పట్టీలు వస్తాయి. మెండెల్ నిష్పత్తిని లెక్కలు కట్టకుండా ఆకు మీదే చూడవచ్చు. నేను చూసిన జన్యుశాస్త్రపు బొమ్మల్లో ఇంత అందమైనది ఇంకోటి లేదు.

వయసు విషయానికి వస్తే, తిరుగులేకుండా ఒప్పుకున్న శిలాజం కెనడా ఆర్కిటిక్‌లోని సోమర్‌సెట్ దీవిలో దొరికిన బాంజియోమార్ఫా. మొదట 120 కోట్ల ఏళ్లదన్నారు, 2018లో కొత్తగా కాలం కట్టి 105 కోట్ల ఏళ్ల దగ్గర పెట్టారు. చూడటానికి ఇప్పటి బాంజియాలాగే ఉంటుంది. మన దేశంలో చిత్రకూట్ దగ్గర వింధ్య శిలల్లో అంతకంటే పాతవి, 160 కోట్ల ఏళ్ల నాటివి, 2017లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి రామథాలస్ అని, ఇంకోదానికి భూగర్భ శాస్త్రవేత్త రఫత్ అజ్మీ పేరు మీద రఫతాజ్మియా అని పేరు పెట్టారు. వాటి కణాల గోడలు, లోపలి మచ్చలు ఎర్ర శైవలాలను తలపిస్తాయి, కానీ నిజంగా అవేనా అన్నదాని మీద అందరూ ఒప్పుకోలేదు. జవాబులో ‘కావచ్చు’ అని రాయండి.

ఇక మలేరియా. హరితరేణువులో మిగిలిన జన్యువుల సంఖ్యను చూస్తే నేల మొక్కల్లో సుమారు 120, ఎర్ర శైవలాల్లో 200 నుంచి 250. కేంద్రకానికి అప్పజెప్పకుండా చాలా పనులు దాని దగ్గరే ఉన్నాయి. ఉదాహరణకు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో ఎంజైమ్ రెండు భాగాలనూ రాసే జన్యువులు ఎర్ర శైవలాల్లో హరితరేణువులోనే ఉంటాయి. మొక్కల్లో చిన్న భాగం కేంద్రకానికి వెళ్లిపోయింది. ఇలా ఎక్కువ సొంత సామానుతో ఉన్న హరితరేణువు వేరే ఇంట్లో ఇమడటం తేలికని కొందరి వాదన. అది కారణమైనా కాకపోయినా, జరిగింది మాత్రం నిజం. ఇతర కణాలు ఎర్ర శైవలాన్ని మొత్తంగా మింగి ఉంచుకున్నాయి. డయాటమ్‌లు, గోధుమ శైవలాలు, క్రిప్టోఫైట్లు, చాలా డైనోఫ్లాజెల్లేట్ల హరితరేణువులు అలా వచ్చినవే. క్రిప్టోఫైట్లలో మింగిన ఎర్ర శైవలం కేంద్రకం కూడా ఎండిపోయిన గింజలా ఇప్పటికీ ఉంది. గిల్లార్డియా థీటాలో 2001లో చదివితే అందులో మూడు క్రోమోజోములు, 5 లక్షల 51 వేల బేస్ జతలే మిగిలాయి.

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఈ కుటుంబంలోనిదే. దాని కణంలో నాలుగు పొరల చిన్న సంచి ఉంది, పేరు ఎపికోప్లాస్ట్. అందులో 35 వేల బేస్ జతల గుండ్రటి డీఎన్‌ఏ. వెలుగుతో పనిలేదు, రంగులు ఎప్పుడో పోయాయి. అది ఎర్ర వంశానిదా, ఆకుపచ్చ వంశానిదా అని చాలా ఏళ్లు వాదన నడిచింది. సిడ్నీ రేవు పగడాల్లో దొరికిన క్రోమెరా వీలియాను 2008లో వర్ణించారు. అది మలేరియా పరాన్నజీవికి చుట్టం, కానీ ఇప్పటికీ కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది. 2010లో దాని హరితరేణువు జీనోమ్ చదివాక ఎరుపు వైపే మొగ్గు వచ్చింది. రక్తంలో ఉన్నప్పుడు ఈ సంచి పరాన్నజీవికి చేసిపెట్టే ముఖ్యమైన పని ఒక్కటే, ఐసోప్రినాయిడ్‌లు అనే కొవ్వు జాతి పదార్థాల ముడిసరుకు తయారీ. 2011లో ఆ ముడిసరుకును బయటి నుంచి అందిస్తే సంచి లేకపోయినా పరాన్నజీవి బతికింది. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ మలేరియాపై పనిచేసేది బాక్టీరియా పోలికలున్న ఈ సంచిని దెబ్బతీసే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూసిన పరాన్నజీవి కణాల్లోనూ ఈ సంచి ఉండే ఉంటుంది. దాన్ని హరితరేణువు అవశేషంగా గుర్తించడానికి మరో వందేళ్లు పట్టింది.

పరీక్షలో ఇలా మొదలుపెట్టండి: ‘కశాభాలు లేకపోవడం ఆదిమ లక్షణం కాదు, అవి తర్వాత కోల్పోయినవి.’ తర్వాత రోడెల్ఫిస్, జీనోమ్ కుదింపు, మూడు దశల చక్రం వరుసగా రాయండి. మీ మాస్టారు పాత పుస్తకాన్నే పట్టుకుని ఉంటే, పాత అభిప్రాయాన్ని ఒక వాక్యంలో చెప్పి, ఎందుకు మారిందో రాయండి. మార్కులు పోవు.

ప్రాజెక్టు కోసం విశాఖ తీరానికి వెళ్తున్నామన్నారు కదా. బాగా ఆటు ఉన్న పొద్దు చూసుకుని వెళ్లి గ్రాసిలేరియా కార్టికేటా కొమ్మలను చేతివేళ్లతో తడమండి. గసగసాల్లా గుండ్రటి బుడిపెలు తగిలితే అది గర్భం దాల్చిన ఆడ మొక్క. నున్నగా ఉన్నవాటిని పారేయకండి. పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే పైపొరలో సిలువలా నాలుగుగా చీలిన కణాలు కనిపించేవి మూడో దశ మొక్కలు. మగవి గుర్తుపట్టడం కష్టం, ఉపరితలంలో లేత రంగు గుంటలు వెతకాలి. మూడూ ఒకే రాయి మీద దొరకడం మామూలే. దొరికితే కోతల ఫోటోలు ఇక్కడ పెట్టండి, ఏది ఏదో కలిసి చూద్దాం.